జిల్లా చిన్నదైన చాలునా?

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశమున జిల్లాలు 13 నుండి 26 అయినవి. కర్నూలునుండి నంద్యాల వేరుపడినది. రాజంపేట, రాయచోటి ప్రాంతములు నాడు కడపను వీడి అన్నమయ్య జిల్లాలో చేరినవి. కలెక్టరు కచ్చేరి చేరువయ్యెనని సంతసించినవారిని మేము తప్పుపట్టము. ఒక్క అర్జీకొరకు దినమంతయు బస్సులలో గడపిన రైతునకు దూరపు వెల తెలియును.

కాని చదువరు లొక సంగతి గమనింపవలెను. నాడు కలెక్టర్లు రెట్టింపైరి. ప్రజలెన్నుకొన్న జిల్లా పరిషత్తులు 13గానే నిలిచినవి. కచ్చేరులను పంచిరి గాని అధికారమును పంచలేదు.

ఇట్టి మార్పులు మనకు క్రొత్తవి కావు. 1934లో మదరాసు ప్రభుత్వము తాలూకా బోర్డులను రద్దుచేసినది. 1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. 1980 తరువాతి దశాబ్దమున అవియు పోయి, అంతకన్న చిన్నవగు మండలములు వచ్చినవి. 2019లో సుమారు 2,000 జనమునకొక గ్రామ సచివాలయము వెలసినది. హద్దులు మార్చినంత సులభముగా ధనమును, పెత్తనమును వదలుకొన్న ప్రభుత్వము అరుదు.

చిన్నది మేలా, పెద్దది మేలా? కేరళమున గ్రామ పంచాయతీలు 941. ఒక్కొక్కదానికి సగటున ఇరువదివేలకు మించిన జనము. ఆంధ్రప్రదేశమున 13,000కు పైబడినవి. సగటు మూడువేలైనను లేదు. అంత చిన్న పంచాయతీ తన ఇంటిపన్నుతో ఒక ఇంజనీరునైనను పోషింపజాలదు.

మన మెట్టసీమనే చూతము. ఆలూరు, పత్తికొండ ప్రాంతములలో వేసవిని బోరెండినచో ఆ ఊరొక్కటియే చేయగలుగునది స్వల్పము. తుంగభద్రనుండియో హంద్రీ-నీవా కాలువనుండియో నీరు తెచ్చుటకు కావలసిన చెరువు, వడపోత, గొట్టములు అనేక గ్రామములు కలసి భరింపదగిన పని. అచట పెద్ద సంస్థ కావలెను. కాని గొట్టపు చివరనున్న వాడకు నీరెక్కినదా, మోటారు చెడిన నాడు ఎవరిని నిలదీయవలెను అను ప్రశ్నలు తేలవలసినది గ్రామసభలోనే. పనిని బట్టి కొలత యుండవలెను. కొలత యేదైనను అధికారము ఎన్నికైనవారి చేత నుండవలెను.

1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ ఇందుకు దారి చూపినది. కాని 243-జి అధికరణము పంచాయతీలకు అధికారములు ‘ఇయ్యవచ్చును’ అన్నదే గాని ‘ఇయ్యవలెను’ అనలేదు. 29 విషయముల పట్టిక ఆ యొక్క క్రియాపదము వెనుక ముప్పదియేండ్లకు పైగా చిక్కుకొనియున్నది.

జిల్లాకొక ఎన్నికైన పరిషత్తు. పంచాయతీకి జవాబుదారియగు సచివాలయ సిబ్బంది. ఉమ్మడి నీటి పథకములపై ఆయా గ్రామముల సర్పంచుల అజమాయిషీ, అందుకు తగిన నిధి: ఈ మూడింటిని కోరుచున్నాము. ఇవి లేనిచో జిల్లాలు నూరైనను కుళాయిలో నీరు రాదు. ఓటడుగ వచ్చువారిని కర్నూలు, కడప సీమల ప్రజలు ముందీ మూడింటినే అడుగుదురుగాక!