"ఎంపీసీ తీసుకో, ఏదైనా చెయ్యొచ్చు" అని చెప్పేద్దామా?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి జూన్‌లో జూనియర్ కాలేజీలు తెరిచేదాకా మనలాంటి వాళ్ళకి ఫోన్లు వస్తూనే ఉంటాయి. బాబాయి గారి అబ్బాయి, పక్కింటి అమ్మాయి, అమ్మ స్నేహితురాలి కొడుకు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ గ్రూపు తీసుకోమంటారు?" ఇంజనీరింగ్‌లో సీటొచ్చిన పాపానికి మనం సలహాదారులమైపోయాం. "ఏమవుదామనుకుంటున్నావ్?" అని అడుగుతాం. "ఏమో, ఇంకా తెలీదు" అంటారు. వెంటనే మన దగ్గర జవాబు రెడీ: "అయితే ఎంపీసీ తీసుకో, దాంతో ఏదైనా చెయ్యొచ్చు."

ఈ జవాబు ఇంత తేలిగ్గా ఇవ్వకూడదని నా అభిప్రాయం. పదిహేనేళ్ళకి "తెలీదు" అనడంలో తప్పేం లేదు. కానీ తెలీదన్న వాళ్ళకి మనం చెప్పే ఒక్క మాట రెండేళ్ళ చదువునీ, ఇంట్లోవాళ్ళు కౌలు డబ్బుల్లోంచో, చెరువు మీద తెచ్చిన అప్పులోంచో కట్టే ఫీజునీ ఒక దారిలో పెట్టేస్తుంది. అందుకని ముందు ఆ మాట నిజమో కాదో చూద్దాం.

ఎంపీసీతో ఏదైనా చెయ్యొచ్చా? ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ సరే. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్ళూ వెళ్ళొచ్చు, బైపీసీ వాళ్ళూ వెళ్ళొచ్చు. సీఏ, ఐదేళ్ళ లా కోర్సుకైతే ఏ గ్రూపైనా ఒకటే, దానికోసం ఎంపీసీ అక్కర్లేదు. మరి ఎంపీసీకి తెరుచుకోనివి ఏవి? ఎంబీబీఎస్ అందరికీ తెలుసు. వెటర్నరీ, బీఎస్సీ అగ్రికల్చర్, చేపల పెంపకం చదివే బీఎఫ్ఎస్సీ కూడా బైపీసీ వాళ్ళకే. ఇప్పుడు మన ఊళ్ళు ఒకసారి తలుచుకోండి. గుడివాడ చుట్టూ వరి, చేపల చెరువులు. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యలు, పీతలు. రొయ్యకి రోగమొస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టని ఇళ్ళల్లో పిల్లలు "ఏదైనా చెయ్యొచ్చు" అని ఎంపీసీలో చేరుతున్నారు. ఆ "ఏదైనా"లో వాళ్ళ ఇంటి వెనక చెరువుకి సంబంధించిన చదువు మాత్రం లేదు. నాగాయలంక మండలం భావదేవరపల్లిలోనే ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, పదో తరగతితో చేరొచ్చు. మన ఫోన్ సలహాల్లో దాని పేరు ఎప్పుడైనా వచ్చిందా?

అందరూ చెరువు గట్టు మీదే ఉండిపోవాలని కాదు నేననేది. సీఎస్‌ఈ చదువుతూ ఆ మాట అనే హక్కు నాకు లేదు. అన్ని దారులూ అని చెబుతున్నప్పుడు ఏది మూసుకుంటుందో కూడా చెప్పాలి, అంతే.

ఇంకో సంగతి. మూసుకునే తలుపులు కూడా ఈ మధ్య కొంచెం మారాయి. ఎంపీసీ చదివినవాళ్ళు ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబర్‌లో చెప్పింది. మన ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎం-బైపీసీ తెచ్చింది, అంటే లెక్కలూ బయాలజీ రెండూ. అదే ఏడాది నుంచి లెక్కలు ఏ, బీ అని రెండు పేపర్లు కాకుండా ఒకటే అయింది, బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయింది. మనం రాసిన ఇంటర్ వేరు, వాళ్ళు చేరబోయే ఇంటర్ వేరు. మన అనుభవంతో సలహా చెప్పేముందు ఇది గుర్తుంచుకోవాలి. అలాగని "తేల్చుకోలేదా, అయితే ఎం-బైపీసీ" అనడం కూడా పొరపాటే. అది రెండూ నిజంగా ఇష్టపడి, బరువు మోయగలిగిన వాళ్ళకి. తేల్చుకోలేదన్న కారణంతో రెండు మూటలూ నెత్తిన పెట్టడం సాయం కాదు.

మరి ఏం చెప్పాలి? నా మటుకు నేను ఒక్క ప్రశ్న దగ్గర మొదలుపెడతాను: ఇప్పుడు వదిలేస్తే తర్వాత సొంతంగా అందుకోవడం ఏది కష్టం? చరిత్ర, పాలిటిక్స్, అకౌంట్స్ ఇరవై ఏళ్ళకి మొదలుపెట్టి చదువుకున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ఇంజనీర్లంతా చేసేది అదేగా. లెక్కలు అలా కాదు. రెండేళ్ళు మానేసి మళ్ళీ పట్టుకోవడం చాలామందికి కష్టం. కాబట్టి లెక్కలంటే భయం లేని పిల్లలు, తేల్చుకునేదాకా లెక్కలు ఉన్న గ్రూపులో ఉండటం మంచిదే. అది ఎంపీసీయే అవ్వక్కర్లేదు, ఎంఈసీ కూడా అవ్వొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి పన్నెండులో లెక్కలు ఉండి తీరాలి. సీఈసీలో చేరితే ఆ దారి పోతుంది, ఎంఈసీలో ఉంటుంది. ఈ తేడా పదో తరగతి పిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువ.

దీనికి రెండో సగం కూడా ఉంది. లెక్కలంటే చేతులు వణికేవాళ్ళకి "ఆప్షన్స్ ఉంటాయి" అని ఎంపీసీ అంటగట్టడం దండగ. పాసవ్వలేని సబ్జెక్టు ఏ దారీ తెరవదు. మన కాలేజీలో ఎం-వన్ బ్యాక్‌లాగ్ థర్డ్ ఇయర్ దాకా మోస్తున్న సీనియర్లని అడగండి, చెబుతారు. కంప్యూటర్లు నచ్చిన బైపీసీ, సీఈసీ పిల్లలకీ దారి లేకపోలేదు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్‌కి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్లేదు. పదిలో లెక్కలు, ఇంగ్లీషు చదివుండి, వాళ్ళ క్వాలిఫయర్ పాసవ్వాలి.

గ్రూపుతోనే జీవితం తేలిపోతుందనుకునే పెద్దవాళ్ళకి నేను బందరు సంగతే గుర్తుచేస్తాను. పట్టాభి సీతారామయ్య గారు డాక్టరు, బందరులో ప్రాక్టీసు పెట్టారు. ఆంధ్రా బ్యాంకు స్థాపించింది ఆ డాక్టరు గారే, 1923లో, బందరులోనే. మన లెక్కలో అది బైపీసీ మనిషి చేసిన సీఈసీ పని. భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారు భూగర్భశాస్త్రం చదివారు, పత్తి మీద పరిశోధన చేశారు, జపనీస్ నేర్చుకున్నారు, ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు, 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా చూపించారు. ఆయన్ని ఏ గ్రూపులో వేస్తాం?

"అవి పాతరోజులు, అప్పుడు కటాఫ్‌లు లేవు" అంటారు. నిజమే. ఇప్పుడు ఏడాది పోతే ఫీజు పోతుంది, ఆడపిల్లయితే "ఇంక చాలు" అనే ఇళ్ళూ ఉన్నాయి. అందుకే నేను "ఏదైనా తీసుకో, ఏం కాదు" అనడం లేదు. గ్రూపు గురించి పడే కంగారులో సగం కాలేజీ గురించి పడమంటున్నాను.

ఎందుకంటే తెలీదన్న పిల్లలకి కావాల్సింది తెలుసుకునే టైము. ఒకే ఎంపీసీ ఒక కాలేజీలో సాయంత్రం నాలుగింటికి వదిలేస్తారు, ఇంకో కాలేజీలో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. రెండో చోట ఏది నచ్చిందో తెలుసుకోడానికి ఆదివారం కూడా మిగలదు. ల్యాబులో చెయ్యి పెట్టకుండానే ప్రాక్టికల్స్ అయిపోతే ఫిజిక్స్ నచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఫీజు కట్టేముందే కొన్ని అడిగి తీరాలి. ల్యాబు వారానికి ఎన్నిసార్లు? మొదటి నెలలో గ్రూపు మారాలంటే కుదురుతుందా? మానేస్తే కట్టిన డబ్బులో ఎంత వెనక్కిస్తారు?

దివిసీమలో ఇంకో చిక్కు. అక్కడ చాలా ఇళ్ళల్లో ముందు తేలేది గ్రూపు కాదు, బస్సు. చీకటి పడేలోపు ఇంటికి చేరే బస్సు ఏ కాలేజీ నుంచి ఉందో, ఆ కాలేజీలో ఉన్న గ్రూపే పిల్లల గ్రూపు. అవనిగడ్డలో దొరక్కపోతే ఇటు బందరు, అటు పులిగడ్డ వంతెన దాటి రేపల్లె. సలహా చెప్పేవాళ్ళం ఆ టైమింగులు కూడా కనుక్కుంటే ఉపకారం.

చివరిగా, మన క్లబ్బుకి సంబంధించిన మాట. కొత్త పద్ధతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పనిసరి, రెండోది భాషే అవ్వక్కర్లేదు. ఇంతకుముందు మార్కులకోసం సంస్కృతం వైపు వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు వేరే సబ్జెక్టు వైపూ వెళ్తారు. ఇంకా తేల్చుకోని పిల్లలకి మాత్రం తెలుగు ఉంచుకోమనే చెబుతాను. రేపు టీచరైనా, లాయరైనా, పల్లెలో డాక్టరైనా, ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడేది తెలుగే.

ఈసారి ఫోనొస్తే "ఏమవుతావ్?" అని అడక్కండి. లెక్కలు కూర్చుని చెయ్యబుద్ధవుతుందా, ఏ కాలేజీకి ఇంటి నుంచి వెళ్ళొచ్చు, ఇంట్లో ఎంత పెట్టగలరు, ఈ మూడూ అడగండి. జవాబులు విన్నాకే గ్రూపు పేరెత్తండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పర్లేదు.