గోళీ పడితే గొయ్యి!

గ్రహశకలం అంటే ఏమిటని పిల్లలు అడిగితే పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకునే పెద్దలే ఎక్కువ. కాస్త మైదాపిండి, సంక్రాంతికి మిగిలిన రంగుముగ్గు, ఓ గాజుగోళీ ఉంటే చాలు, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే చూపించొచ్చు.

వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ల మందాన పిండి పోసి చదును చేయాలి. పైన పలచగా ఎర్రముగ్గు చల్లాలి. (ఈ పిండి మళ్లీ వంటకు పనికిరాదు. పురుగు పట్టినదేదో తీసుకుంటే అమ్మతో గొడవ ఉండదు.) గోళీని ముందు పావుమీటరు ఎత్తు నుంచి, తర్వాత మీటరు ఎత్తు నుంచి వదలాలి. విసరకూడదు. ఎత్తు నాలుగింతలైతే గోళీ తాకే వేగం రెట్టింపవుతుంది. మరి గొయ్యి వెడల్పు ఎంత పెరిగింది? స్కేలుతో పిల్లలే కొలిచి రాసుకోవాలి, ఒక్కో ఎత్తు నుంచి మూడుసార్లయినా. కొలతలు ఒక్కలా రావు. ఎందుకు రాలేదో వాళ్లనే వాదించుకోనివ్వండి. ఎర్రపొర మీద తెల్లపిండి చారలుగా చిమ్ముతుంది చూశారా... పౌర్ణమినాడు బైనాక్యులర్స్‌తో చూస్తే చంద్రుడి మీద టైకో బిలం చుట్టూ కనిపించే చారలు ఇలా పడ్డవే.

అయితే పిండి చెప్పలేని సంగతి ఒకటుంది. బేసిన్‌లో గొయ్యి గోళీకి రెండు మూడింతలుంటే గొప్ప. అమెరికాలోని అరిజోనాలో సుమారు 50 వేల ఏళ్ల కిందట 50 మీటర్ల ఇనుప శకలం చేసిన గొయ్యి వెడల్పు 1.2 కిలోమీటర్లు! తేడా అంతా వేగంలో ఉంది. ఇలాంటివి సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గని వేగంతో మన వాతావరణంలోకి దూసుకొస్తాయి. అంత వేగంతో నేలను తాకిన శకలం గోళీలా దిగబడదు, బాంబులా పేలుతుంది. అందుకే ఏటవాలుగా వచ్చి పడినా గొయ్యి దాదాపు గుండ్రంగానే ఉంటుంది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఉన్నది అలాంటి గోతిలోనే. వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. అజంతా, ఎల్లోరా టూరు వేసుకునేవారు ఓ రోజు దీనికీ కేటాయించొచ్చు.

రెండో ఆటకు వస్తువులేవీ అక్కర్లేదు, వానాకాలం వస్తే చాలు. ఇంట్లో కూర్చునే, మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టాలి. ఉరుము వినపడేలోగా గడిచిన ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు దూరం. దీనికీ గ్రహశకలాలకూ ఏం సంబంధం? 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ దగ్గర దాదాపు 20 మీటర్ల శకలం 30 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. ఆ వెలుగేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. రెండు నిమిషాలు దాటాక పేలుడు ధాటి నేలను చేరింది. అద్దాలు భళ్లున పగిలి సుమారు 1500 మంది గాయపడ్డారు. ఓ బడిలో మాత్రం టీచరు ఆ వెలుగు చూడగానే నాలుగో తరగతి పిల్లలు 44 మందినీ బల్లల కిందికి దూరమంది. గాజుముక్కలు తగిలి ఆమె చెయ్యి తెగింది. పిల్లల్లో ఒక్కరికీ గాజు గుచ్చుకోలేదు.