అప్పజెప్పడం వేరు, మాట్లాడటం వేరు



పేరెంట్స్ మీటింగ్‌లో మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న, "మేడమ్, మావాడు ఇంగ్లిష్‌లో ఎప్పుడు మాట్లాడతాడు?" న్యాయమైన ప్రశ్నే. అయితే మాట్లాడటాన్ని మనం దేనితో కొలుస్తున్నాం? 'మై సెల్ఫ్' పది వాక్యాలు గడగడా అప్పజెబితే ఇరవైకి ఇరవై వేస్తున్నాం. మధ్యలో ఆపి "మీ ఊరికి బస్సు ఎన్నింటికి?" అని అడిగితే అదే పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు. ఆ ఇరవై మార్కులు జ్ఞాపకశక్తికి పడ్డాయన్నమాట.

పరీక్షలో లేనిది క్లాసులో వెనకబడుతుంది. మన పదో తరగతి ఇంగ్లిష్ పబ్లిక్ పరీక్షలో 100 మార్కులూ రాతకే. సీబీఎస్ఈ 2012-13లో తొమ్మిది, పదకొండు తరగతులకు వినడం, మాట్లాడటంలో పరీక్ష తెచ్చింది. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లిష్‌లో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు ఇచ్చింది. విదేశీ చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడాలి. అక్కడ ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన విలువ. తెలుగు యాస ఉందని మార్కులు తగ్గవు, మాట అర్థం కాకపోతే తగ్గుతాయి.

అందుకే ప్రతి టర్మ్‌లో ఒక్కో విద్యార్థితో ఐదు నిమిషాలు ముఖాముఖి మాట్లాడి మార్కులు వేయాలంటాను. నలభై మందికి 200 నిమిషాలు, అంటే ఐదు పీరియడ్లు. సిలబస్ వెనకబడుతుందని భయపడకుండా ఆ సమయం కేటాయించాలి. ప్రశ్నలు పిల్లలకు తెలిసిన లోకంలోంచే రావాలి. "కల్లంలో మిర్చి ఎలా ఆరబెడతారు?" అని అడిగామనుకోండి. తాలు కాయకు ఇంగ్లిష్ మాట తెలియని అమ్మాయి "రంగు పోయిన కాయలు, వాటిని వేరుగా ఏరతాం" అని తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెబితే, క్రియాపదం తప్పినా సరే, మంచి మార్కు వేయాలి. రేపు ఇంటర్వ్యూలో ఆదుకునేది ఆ నేర్పే.

మీకు మూడు విన్నపాలు. పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో తప్పులు దిద్దకండి. బంధువుల ముందు "ఏదీ, ఇంగ్లిష్‌లో చెప్పు" అని నిలబెట్టకండి. బడిలో ఏం జరిగిందో రోజూ తెలుగులోనే వివరంగా చెప్పించండి. తెలుగులో విషయం వరుసగా చెప్పగలిగిన పిల్లలకు ఇంగ్లిష్‌లో చెప్పడం సులువవుతుంది.

ఈ పద్ధతి వస్తే మొదటి టర్మ్‌లో స్పీకింగ్ మార్కులు తగ్గవచ్చు. దయచేసి కంగారుపడకండి. ఇరవైకి పన్నెండు వచ్చినా, అవి మీ బిడ్డ సొంత మాటలకు వచ్చినవి.