పాత సీడీని కాపీ కొట్టొద్దు, ఇమేజ్ తీయండి

రెండో ముద్రణ వేద్దామని ఎవరైనా పాత పేజ్‌మేకర్ ఫైలు తెచ్చిస్తే నేను ముందు అడిగేది ఒకటే: "అప్పటి విండోస్ సీడీ ఉందాండీ?" ఫైలుండగా సీడీ ఎందుకని చాలామంది వింతగా చూస్తారు.

యూనికోడ్ వాడకంలోకి రాకముందు విజయవాడలో మేం కంపోజ్ చేసిన పుస్తకాలు చాలావరకు విండోస్ 98 మీద, పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లతో చేసినవే. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. ఫాంటు లేకపోతే తెరమీద అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి గానీ, ఆ తర్వాత ప్రూఫులు దిద్దాలి, పేజీలు మళ్లీ కట్టాలి. అదే పాత విండోస్, పాత పేజ్‌మేకర్, పాత ఫాంటు మూడూ దొరికితే పుస్తకం అచ్చుకు వెళ్లిన నాటి రూపంలోనే తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లోనే పాత కంప్యూటర్ని నడిపించే వర్చువల్‌బాక్స్, క్యూఎమ్యూ ఉచితంగా దొరుకుతాయి. వాటికి కావలసింది బూటబుల్ సీడీ (కంప్యూటర్ని మొదలుపెట్టగల సీడీ) తాలూకు డిస్క్ ఇమేజ్, అంటే సీడీ మొత్తానికి యథాతథ నకలు.

సీడీలోని ఫైళ్లను ఫోల్డర్‌లోకి లాగేస్తే సరిపోతుందనుకోవద్దు. కంప్యూటర్ని బూట్ చేసే భాగం ఆ ఫైళ్ల జాబితాలో కనపడదు. 1995 నాటి ఎల్ టొరిటో పద్ధతి ప్రకారం, అదెక్కడుందో చెప్పే సూచన సీడీ 17వ సెక్టారులో ఉంటుంది. విండోస్ 98 బూటబుల్ సీడీలో ఆ భాగం ఒక బూట్ ఫ్లాపీకి నకలు. ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే ఇదంతా సీడీలోనే ఉండిపోతుంది. అందుకే మొదటి సెక్టారు నుంచి చివరిదాకా ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయాలి. లినక్స్‌లో డీడీ అనే ఆదేశం ఆ పని చేస్తుంది. గీతలు పడ్డ సీడీకి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం మేలు. చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొరాయించిన చోట్లకు తర్వాత వస్తుంది. ఏమేం మిగిలాయో రాసిపెట్టుకుంటుంది కాబట్టి, సీడీని వేరే డ్రైవ్‌లో పెట్టి మిగతాది లాగవచ్చు. తీసిన ఇమేజ్ బూట్ అవడం కళ్లారా చూశాకే పని అయినట్టు.

ఇది దొంగ కాపీ కాదా అని కొందరి అనుమానం. న్యాయంగా కొన్న ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా సొంత వాడకానికి బ్యాకప్ తీసుకోవడాన్ని మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తోంది. పదిమందికీ పంచితే మాత్రం తప్పే.

ఈ పని వాయిదా వేయొద్దు. ఇంట్లో రాసుకున్న సీడీల్లో సమాచారం ఒక రంగుపొరలో ఉంటుంది. ఎండా వేడీ తగిలితే అది చెడుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే ఉండటం లేదు. అయితే యూఎస్‌బీకి తగిలించే సీడీ డ్రైవ్‌లు బజార్లో ఇంకా దొరుకుతున్నాయి.

ప్రచురణకర్తలారా, ప్రెస్సు యజమానులారా! పుస్తకాల ఫైళ్లతోపాటు విండోస్, పేజ్‌మేకర్, ఫాంటు సీడీల ఇమేజ్‌లనూ రెండు చోట్ల దాచండి. కవరు మీది సీరియల్ నంబర్ని ఫొటో తీసి వాటితోనే ఉంచండి. డ్రైవ్‌లు దొరుకుతుండగానే ఈ పని చేయించండి.