చెరసాల నాటకం మనకెందుకు అనకండి



మా పక్క ఊరి కమ్యూనిటీ థియేటర్‌లో వేసిన బందీల నాటకం గురించి గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. వారమంతా ఉద్యోగాలతో అలసిపోయి వెళితే అక్కడ కూడా ఏడుపేనా, గొలుసులతో గోడకు కట్టేసిన ముగ్గురు మనుషులను చూడటానికి టికెట్ కొనాలా అని ఆయన బాధ. ఆ నాటకం నేనూ చూశాను. ఆయన మాట ఒప్పుకోలేకపోతున్నాను.

ఐరిష్ రచయిత ఫ్రాంక్ మెక్‌గిన్నెస్ రాసిన ఈ 'సమ్‌వన్ హూల్ వాచ్ ఓవర్ మీ' నాటకాన్ని 1992లో లండన్‌లో మొదటిసారి ఆడారు. పాత్రలు కల్పితాలే గానీ వెనక ఉన్నది లెబనాన్ బందీల అనుభవం. బ్రయన్ కీనన్ బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మనిషి. 1986 ఏప్రిల్ 11న పనికి బయల్దేరినవాణ్ణి ఎత్తుకుపోయారు. 1990 ఆగస్టులో గానీ వదల్లేదు. ఆయనతో కలిసి చెరలో ఉన్న జాన్ మెకార్తీ బయటపడేసరికి అయిదేళ్లు దాటాయి. అమెరికన్ విలేకరి టెర్రీ ఆండర్సన్ అయితే 2,454 రోజులు చెరలో గడిపాడు.

నాటకంలో ఏడుపు తక్కువ, ఆట ఎక్కువ. ఒక అమెరికన్ డాక్టరు, ఒక ఐరిష్ విలేకరి, ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు. చేతిలో ఏమీ లేకపోయినా ఉత్తుత్తి సినిమాలు తీస్తారు, ఇంటికి నోటితోనే ఉత్తరాలు రాస్తారు. 1977లో వర్జీనియా వేడ్ గెలిచిన వింబుల్డన్ ఫైనల్‌ను గొలుసులతోనే ఆడేస్తారు. ఆ ఆటకు హాలంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగిన క్షణంలో గొలుసు నేలకు రాసుకున్న చప్పుడు వినబడింది. నేను మూడో వరసలో ఉన్నాను, పక్కన కూర్చున్న మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చివర్లో మిగిలిన ఇద్దరిలో ఒకరికి విడుదల, ఒకరికి చెర. విడిపోయే ముందు ఒకరి తల ఒకరు దువ్వుకుంటారు, యుద్ధానికి వెళ్లే ముందు స్పార్టా వీరులు చేసినట్టు. చెరపట్టినవాళ్లు మాత్రం రంగం మీదికి ఒక్కసారి కూడా రారు. ఈ నాటకం ఎవరి మీదా పగ పెంచేది కాదని అందుకే అంటున్నాను.

దుఃఖం చూడటానికి నాటకానికి వెళ్లడం మనకేమైనా కొత్తా? హరిశ్చంద్ర కాటిసీను కోసం మన తాతలు పిల్లలను ఒళ్లో వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. కొడుకు శవంతో వచ్చిన చంద్రమతిని చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. ఏడిపించిందని ఆ నాటకాన్ని ఎవరూ తిట్టలేదు, మళ్లీ ఏడాది మళ్లీ వేయించుకున్నారు.

చెర కూడా మనకు దూరం కాదు. 2015 జులై 29న లిబియాలో నలుగురు భారతీయులను అపహరించారు. వాళ్లలో సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే తెలుగు అధ్యాపకులు ఇద్దరు. కర్ణాటకకు చెందిన మిగతా ఇద్దరినీ రెండు రోజులకే వదిలేశారు. మనవాళ్లిద్దరూ విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. కీనన్ లాగే వాళ్లూ పరాయి దేశంలో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లినవాళ్లే. ఎత్తుకుపోయిన రోజు పెద్ద వార్త, తిరిగొచ్చిన రోజు పెద్ద వార్త. నడుమ ఆ పదమూడు నెలలు మనలో ఎంతమందికి గుర్తున్నాయి? నాకూ గుర్తు లేవు, ఆ రాత్రి హాల్లో గొలుసు చప్పుడు వినేదాకా. పత్రిక మొదటి రోజును, చివరి రోజును చెబుతుంది. నడిమి రోజులను చెప్పడానికే నాటకం ఉంది.

ఆ పని చిన్న థియేటరే బాగా చేయగలదని నా నమ్మకం. డాక్టరు వేషం వేసినాయన పగలు మా వీధి మందుల షాపులో ఉంటారు. నాలుగు రోజుల కింద నాకు బీపీ మాత్రలు ఇచ్చిన చేతికి సంకెల చూసేసరికి, ఇది ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి అనిపించలేదు. వేషం వేసినవాడు తెలిసినవాడైతే ఆ గోడ మన ఇంటి గోడే అవుతుంది.

అందుకే ఇక్కడ అమెరికాలోని తెలుగు సంఘాలకు, అక్కడ తెలుగునాట ఉన్న నాటక పరిషత్తులకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి బందీల కథను మన నాటికగా రాయించండి. పెద్ద సెట్లు అక్కర్లేదు, ఖర్చూ ఎక్కువ కాదు. రంగం మీద ఒక పక్క చాప, నీళ్ల సీసా, గొలుసు ఉన్న గది. రెండో పక్క ఆ నాటకంలో లేనిది, మనం చేర్చాల్సింది ఒకటుంది: గల్ఫ్‌కో లిబియాకో మనిషిని పంపుకున్న తెలుగు ఇల్లు. అక్కడ ఒక ఇల్లాలు అన్నం వండుతూ, పిల్లలను బడికి పంపుతూ, మోగని ఫోను వైపు చూస్తుంటుంది. ఆమె కూడా బందీయే, ఆమె గొలుసు కనబడదు, అంతే. ఆ నాటిక ఎక్కడ వేసినా టికెట్ కొని ముందు వరసలో కూర్చుంటాను. గత సంచికలో రాసిన ఆ పాఠకుడిని కూడా రమ్మని పిలుస్తున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు
ఎడిసన్, న్యూజెర్సీ