ముందు ఆట, తర్వాత జెండా

థాయ్‌లాండ్ 2001లో ఏనుగును, మన అడవుల్లోనూ పూసే రేల పువ్వును, సాలా థాయ్ అనే మండపాన్ని జాతీయ చిహ్నాలుగా ప్రకటించింది. పిల్లల చేత ఈ మూడు పేర్లూ వల్లె వేయించడం తేలికే, కానీ దేశం అలా పరిచయం కాదు. అందుకే ఈ సంచికను ఆటలతో మొదలుపెట్టాం. అరటి మట్టతో చేసుకునే గుర్రం, పేము బంతిని చేయి తగలకుండా గాలిలో నిలిపే తక్రా, గుండ్రంగా కూర్చున్నవాళ్ల వెనక గుడ్డ దాచే ఆట: అక్కడి పెరడూ అడవీ ఇరుగుపొరుగూ వీటిలోనే ఉన్నాయి. ఆటలు చరిత్ర చెప్పవు కదా అని కొందరు అనవచ్చు. నిజమే, 1917లో మూడు రంగుల జెండా ఎందుకు వచ్చిందో ఏ ఆటా చెప్పదు. అది పెద్దలే చెప్పాలి. అయితే ఆ దేశపు ఆట ఆడిన పిల్లలకు అడగాలనే కోరిక పుడుతుంది. జెండా పాఠాన్ని చివరి పుటల్లో ఉంచింది ఆ నమ్మకంతోనే.