ఇంకాసేపు చూద్దాం

"ఇంకాసేపు చూద్దాంలే అక్కా. పొద్దున్నే మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేస్తాను."

పోయిన చలికాలం, రాత్రి పదకొండింటికి మా వీధి చివరింటి అమ్మాయి నాతో అన్న మాట ఇది. ఎనిమిదో నెల. సాయంత్రం నుంచీ బిడ్డ కదలికలు తగ్గాయట. మా మౌంట్ రాస్కిల్ నుంచి ఆక్లండ్ సిటీ హాస్పిటల్‌కి ఆ వేళప్పుడు కార్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. కారు ఇంటి ముందే ఉంది. నేను కాస్త గట్టిగా చెప్పాక బయల్దేరారు. అంతా క్షేమమే. కానీ ఆ "ఇంకాసేపు" మాత్రం నన్ను వదల్లేదు.

తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలుంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, ఆసుపత్రికి చేరడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. పాడేరు ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో చూసి మనం అయ్యో అనుకునేది రెండోదాని గురించి. ఇక్కడ మనకి ఆ బాధ లేదు. మొదటిది మాత్రం ఆవకాయ జాడీతో పాటు విమానమెక్కి వచ్చేసింది.

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదంటాం. ఈ దేశంలో మిడ్‌వైఫ్‌ని మనమే వెతుక్కోవాలి, అదీ మొదటి పది వారాల్లోపే అయితే మంచిది. దిష్టికి భయపడి ఆగితే మంచి మిడ్‌వైఫ్‌లు ఖాళీగా ఉండరు. తర్వాత డబ్బు భయం. భార్యది విజిటర్ వీసా కాబట్టి వేలల్లో బిల్లు వస్తుందని లెక్కలేసుకుంటారు. కానీ రెండేళ్ళు, ఆపైన వర్క్ వీసా ఉన్నవాళ్ళకి ఇక్కడ ప్రసూతి సేవలు ఉచితం. భర్తకి ఆ అర్హత ఉంటే ప్రసూతి వరకూ భార్యకీ వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు.

అన్నిటికన్నా పెద్దది మొహమాటం. అర్ధరాత్రి ఆవిణ్ణి నిద్ర లేపడం ఏం బావుంటుంది, తీరా వెళ్తే ఏమీ లేదంటారేమో! ఈ మొహమాటం ఊరికే రాలేదు. "మొదటి కాన్పు కదా, ఇంకా టైముంది, ఇంటికెళ్ళండి" అని ఒకసారి తిప్పి పంపితే రెండోసారి అడుగు పడదు. మూడో ఆలస్యమే మళ్ళీ మొదటిదాన్ని పెంచుతుంది. అందుకే ఆడపిల్లకి తెలివి లేదనే మాట నేను ఒప్పుకోను. ఆ రాత్రి ఆమె వాళ్ళమ్మని అడిగింది. గుంటూరులో అప్పుడు సాయంత్రం నాలుగున్నర. "చల్లటి నీళ్ళు తాగి ఎడమ పక్కకి తిరిగి పడుకో" అందావిడ. భర్త "నీకెలా అనిపిస్తే అలా" అన్నాడు. వెళ్ళమని ఒక్కరూ అనలేదు.

భారతీయ తల్లుల బిడ్డలు పుట్టకముందో, పుట్టిన కొత్తలోనో పోవడం యూరోపియన్ తల్లుల బిడ్డలకన్నా ఎక్కువని ఈ దేశపు సమీక్షా కమిటీ నివేదికలే చెప్పాయి. అన్నిటికీ ఆలస్యమే కారణం అనను. కానీ మన చేతిలో ఉన్నది అదొక్కటే.

సీమంతానికి హాలు బుక్ చేసి, చేతుల నిండా గాజులు తొడుగుతాం. ఆ రోజే పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడుగుదాం. మిడ్‌వైఫ్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉందా? ఆయన నైట్ డ్యూటీలో ఉంటే కారు ఎవరు నడుపుతారు? కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకూడదని తెలుసా?

కారు నడిపేవాళ్ళు లేకపోతే నాకు ఫోన్ చెయ్యమని మా వీధిలో చెప్పి ఉంచాను. ఏ వేళైనా సరే.